కుర్చీ వాల్చే ముందు, లేపే ముందు

మీ ఇంట్లో పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన నాన్న ఉన్నారా? తుంటి విరిగిన దగ్గర్నుంచి మంచం దిగని అత్తగారు ఉన్నారా? డయాలసిస్‌కు వెళ్ళివచ్చాక నిలబడే ఓపిక కూడా లేని పెద్దాయన ఉన్నారా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్ళలో ఈ సేవంతా ఒక్కరి మీదే పడుతుంది. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. తీరం ఊళ్ళలో అయితే గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద ఉంటాడు. ఇంటి దగ్గర మిగిలేది కోడలో, కూతురో, తానే డెబ్బై దాటిన భార్యో. అలాంటి ఇంటికి వాలు కుర్చీ వస్తే అది పెద్ద సాయమే. రోజంతా మంచం మీదే ఉన్న మనిషి లేచి కూర్చుంటే ఊపిరి బాగా ఆడుతుంది, అన్నం సులువుగా దిగుతుంది, వీధిలో పోయేవాళ్ళు కనిపిస్తారు, పలకరిస్తారు.

మరి ఆ కుర్చీ వల్లే మనిషి కింద పడితే? పిరుదుల మీద పుండు పడితే? అన్నం పొలమారితే? ఇవి జరుగుతాయి. అయితే ఎప్పుడు పడితే అప్పుడు జరగవు. బాగా గమనిస్తే ప్రమాదం ఎక్కువగా రెండు వేళల్లో వస్తుంది. ఒకటి, మనిషిని కదిలించేటప్పుడు మనం తొందరపడితే. రెండు, కూర్చోబెట్టాక మనిషిని కదిలించడం మరిచిపోతే. ఈ అధ్యాయంలో చెప్పేది ఎక్కువగా ఈ రెండు వేళల గురించే.

ముందు, మీ ఇంట్లో ఉన్నది ఏ కుర్చీ?

వాలు కుర్చీ అంటే మన ఇళ్ళలో నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది పాత పడక కుర్చీ. చెక్క చట్రం, దానికి వేలాడే మందపాటి గుడ్డ, వెనక గాడిలో నిలిచే అడ్డకర్ర. ఆరోగ్యంగా ఉన్న తాతగారు మధ్యాహ్నం నడుం వాల్చడానికి అది బాగానే ఉంటుంది. సొంతంగా లేవలేని మనిషికి మాత్రం వద్దు. అందులో నడుం మోకాళ్ళ కన్నా కిందికి దిగిపోతుంది, బరువంతా తోకఎముక మీద పడుతుంది, పైకి లేపాలంటే ఇద్దరు కావాలి. గుడ్డ ఎప్పుడు చిరుగుతుందో తెలియదు. అడ్డకర్ర గాడి తప్పితే కుర్చీ ఒక్కసారిగా మడతపడి వేళ్ళు నలుగుతాయి.

రెండోది హాల్లో వేసుకునే సోఫా రిక్లైనర్. మెత్తగా ఉంటుంది కానీ చక్రాలు ఉండవు, సీటు లోతు ఎక్కువ. మూడోది వీపు వాలే వీల్‌చైర్. నాలుగోది ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో వాడే పేషెంట్ రిక్లైనర్: పెద్ద సీటు, కాళ్ళ పలక, నాలుగు చక్రాలు, బ్రేకులు. ఎక్కువ కాలం సేవ అవసరమైన మనిషికి చివరి రెండూ పనికొస్తాయి.

కొనేముందు, లేదా ఎవరైనా ఇచ్చినది వాడేముందు, మనిషిని కూర్చోబెట్టి ఇవి చూడండి.

1. తుంటికి రెండు పక్కలా రెండేసి వేళ్ళు పట్టేంత సందు ఉండాలి. అంతకన్నా వెడల్పుంటే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు.

2. మోకాలి వెనక గుంటకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే మనిషి ముందుకు జారి కూర్చుంటాడు.

3. కుర్చీ నిటారుగా ఉన్నప్పుడు పాదాలు రెండూ నేలకో పలకకో పూర్తిగా ఆనాలి.

4. బ్రేకులు వేసి గట్టిగా తోసి చూడండి. కొంచెం కదిలినా మెకానిక్‌కు చూపించాకే వాడండి.

5. ఎంత బరువు మోస్తుందో కుర్చీ మీద రాసి ఉంటుంది. దుకాణదారు నోటిమాట నమ్మకుండా ఆ అంకె మీ కళ్ళతో చదవండి.

మంచం మీంచి కుర్చీలోకి

ఎక్కువమంది పడేది ఇక్కడే. ఎందుకు? మనం మనిషిని 'ఎత్తాలని' చూస్తాం. ఎత్తకూడదు. ఆ మనిషి కాళ్ళలో ఎంత బలం మిగిలి ఉంటే అంతా వాడుకుంటూ, పక్కకు తిప్పి కూర్చోబెట్టాలి.

1. కుర్చీని మంచం పక్కనే, కొంచెం ఏటవాలుగా పెట్టండి. పక్షవాతం వచ్చిన మనిషైతే బలమున్న వైపు పెట్టండి. కుడి పక్క పడిపోతే కుర్చీ ఎడమ వైపు ఉండాలి.

2. బ్రేకులు వేయండి. కాళ్ళ పలక పూర్తిగా దించి పక్కకు తీసేయండి. నేల తడిగా ఉందేమో చూడండి. గచ్చు మీదా టైల్స్ మీదా నాలుగు నీటి బొట్లు చాలు, కాలు జారడానికి.

3. మనిషిని మంచం అంచున కూర్చోబెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. "కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడగండి. చాలాసేపు పడుకున్నవాళ్ళు ఒక్కసారి లేస్తే రక్తపోటు పడిపోతుంది. ఆ మొదటి నిమిషంలో పడిపోయే ప్రమాదం ఎక్కువ.

4. పాదాలు మోకాళ్ళ కిందికి రావాలి. మనిషి ముందుకు వంగాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత. అప్పుడు బరువు కాళ్ళ మీదికి వచ్చి లేవడం తేలికవుతుంది.

5. చంకల్లో చేతులు పెట్టి లాగకండి. పడిపోయిన చేతిని అసలే పట్టి లాగకండి. పక్షవాతం వచ్చిన భుజం కీలు పట్టు తప్పి ఉంటుంది, ఒక్క లాగుడుకే జారిపోవచ్చు. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని సాయం చేయండి.

6. "ఒకటి, రెండు, మూడు" అని ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, మూడుకు లేవండి. కుర్చీ అంచు కాళ్ళ వెనక తగిలాకే కూర్చోబెట్టండి.

7. కూర్చున్నాక పిరుదులు వీపు పలకకు ఆనేదాకా వెనక్కి జరపండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే ముందుకు జారడం చాలావరకు తగ్గుతుంది.

ఒక ఇంట్లో ఇలా జరుగుతుందనుకోండి. కోడలికి పొలానికి వెళ్ళే వేళ అవుతోంది. అత్తను కుర్చీలోకి మార్చాలి. "బేగి లెగు అత్తా, నాకు ఆలస్యమైపోతంది" అంటుంది. అత్త కంగారుపడి బ్రేకు వేయని కుర్చీ చేతిని పట్టుకుంటుంది. కుర్చీ వెనక్కి జరుగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అదే కోడలు, "అత్తా, ముందు అంచుకొచ్చి కూకో. కళ్ళు తిరుగుతన్నాయేటి? నేదా? సరే, నాను మూడు అన్నాక ఇద్దరం కలిసి లెగుద్దాం" అంటే పట్టేది ఇంకో మూడు నిమిషాలు. తుంటి మళ్ళీ విరిగితే పట్టే నెలల ముందు ఆ మూడు నిమిషాలు ఎంత?

మీకు ఒక్కరికే బరువు ఆగదనిపిస్తే పక్కింటివాళ్ళను పిలవండి. అందులో మొహమాటం ఏమీ లేదు. మీ నడుం పట్టేస్తే ఆ ఇంట్లో సేవ కావలసినవాళ్ళు ఇద్దరవుతారు. సాయం చేసేటప్పుడు మీ కాళ్ళు ఎడంగా పెట్టి మోకాళ్ళు వంచండి. నడుం మెలితిప్పకండి, పాదాలతో సహా తిరగండి.

వాల్చడం, మళ్ళీ లేపడం

కుర్చీ వీపు వాల్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. పైనున్న చర్మం, బట్ట కుర్చీ రెగ్జిన్‌కు అంటుకుని అక్కడే ఆగిపోతాయి. లోపలి ఎముక మాత్రం బరువుతో కిందికి జారుతుంది. ఆ రెంటి మధ్యా సన్నటి రక్తనాళాలు సాగి నలిగిపోతాయి. తోకఎముక దగ్గర పుండు మొదలవడానికి ఇదొక పెద్ద కారణం. పైకి ఏమీ కనిపించదు, లోపల కండ దెబ్బతింటూ ఉంటుంది.

అందుకే ఈ వరస అలవాటు చేసుకోండి.

1. చెప్పి వాల్చండి. "నాన్నా, ఇప్పుడు కుర్చీ వాలుస్తన్నాను, నాను ఇక్కడే ఉన్నాను." చెప్పకుండా వాలిస్తే మనిషి పడిపోతున్నానని బెదిరి, చేతికి అందింది పట్టుకుంటాడు. ఆ చెయ్యే కీలు సందులో నలుగుతుంది.

2. బ్రేకు మరోసారి చూడండి. వాలినప్పుడు కుర్చీ బరువు వెనక్కి పోతుంది. వీధి అరుగు మీదో, వాలుగా ఉన్న వాకిట్లోనో ఎప్పుడూ వాల్చకండి.

3. ముందు కాళ్ళ పలక కొంచెం లేపండి, తర్వాత వీపు వాల్చండి. కాళ్ళకు ఆసరా ఉంటే మనిషి ముందుకు జారడం తగ్గుతుంది.

4. చేతులు ఒళ్ళో ఉన్నాయా, చీర కొంగు, లుంగీ అంచు చక్రంలోకి పోలేదా చూడండి. కుర్చీ కింద పిల్లలుగానీ పిల్లిగానీ లేవని చూశాకే మీట కదపండి.

5. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడండి. మడమల మీద కండ ఉండదు, అందుకే పుండు తొందరగా పడుతుంది.

6. వాల్చాక మనిషిని ఒకసారి కొంచెం ముందుకు వంచి, వీపు వెనక బట్ట సర్ది, మళ్ళీ ఆనించండి. అంటుకుపోయిన చర్మం విడివడుతుంది.

లేపేటప్పుడు ముందు వీపును సగం దాకా తెచ్చి ఆగండి. మాట్లాడించండి. తర్వాత కాళ్ళ పలక దించండి. ఆఖరున పూర్తిగా నిటారు చేయండి. "బేగి ఎత్తకే, కళ్ళు తిరుగుతన్నాయి" అని ఆవిడ అంటే అది చాదస్తం కాదు, రక్తపోటు పడుతోందని ఒంటి నుంచి వచ్చే కబురు. అక్కడే ఆగండి.

గుండె జబ్బో ఆయాసమో ఉన్నవాళ్ళను పూర్తిగా వెల్లకిలా వాల్చకండి. ఎంత వాల్చవచ్చో డాక్టర్ని అడిగి, ఆ చోట కుర్చీ మీద రంగు టేపు అంటించండి. మీరు లేనప్పుడు సాయం చేసేవాళ్ళకు కూడా అది గుర్తుగా ఉంటుంది.

కూర్చోబెట్టాక మరిచిపోకండి

"ఉదయం కుర్చీలో కూర్చోబెట్టాను, మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయారు." ఈ మాట వినడానికి బాగుంటుంది. పుండు మాత్రం అక్కడే మొదలవుతుంది.

మనం సినిమా చూస్తూ కూడా ఇటూ అటూ కదులుతూనే ఉంటాం. కదలలేని మనిషి తరఫున ఆ కదలిక మీరు ఇవ్వాలి. చేతనైనవాళ్ళైతే ప్రతి పావుగంటకూ చేతుల మీద ఒత్తి కొంచెం పైకి లేవమనండి, లేదా ఒక పక్కకు, తర్వాత ఇంకో పక్కకు ఒరగమనండి. చేతకానివాళ్ళకు గంటకోసారి మీరే భంగిమ మార్చండి. పుండ్లు పడే అవకాశం ఉన్నవాళ్ళను రెండు గంటలకు మించి కుర్చీలో ఉంచకండి, మంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చాలాకాలం మంచం దిగని మనిషైతే మొదటి రోజు పావుగంటతో మొదలుపెట్టి, ఒంటికి అలవాటయ్యే కొద్దీ పెంచండి. ఫోన్‌లో గంటకోసారి అలారం పెట్టుకోండి.

మంచం మీదికి మార్చినప్పుడల్లా తోకఎముక, పిరుదులు, మడమలు, మోచేతులు, తల వెనక భాగం చూడండి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే సరే. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు. అప్పుడు చేత్తో తడిమి చూడాలి: చుట్టూ కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా, ఊదారంగు తిరిగిందా? ఉంటే ఆ చోట మళ్ళీ బరువు పడకుండా చూసి, ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎమ్‌కో వెంటనే చూపించండి. ఆ చోట రుద్దకండి, రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది.

మన ఎండలకు రెగ్జిన్ మీద చెమట నిలుస్తుంది. తడి చర్మం తొందరగా చీలుతుంది. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీర ఒక్క పొర, ముడత లేకుండా పరవండి. మెత్తగా ఉంటుందని బొంతా దుప్పటీ మీద ఇంకో దుప్పటీ వేస్తే కుర్చీ కుషన్ చేసే పని చేయలేదు.

తిండి విషయంలో ఒకే నియమం

వాలి ఉన్న మనిషి నోట్లో ఏదీ పెట్టకండి. చోడి అంబలి అయినా, టీ అయినా, మాత్ర మింగే గుక్కెడు నీళ్ళయినా సరే. పక్షవాతం తర్వాత మింగే కండరాలు మందగిస్తాయి. అప్పుడు గట్టి పదార్థం కన్నా పల్చటి నీళ్ళే తొందరగా ఊపిరితిత్తుల దారి పడతాయి. పైకి పెద్ద దగ్గు కూడా రాకపోవచ్చు, రెండు రోజులయ్యాక జ్వరం, ఆయాసం మొదలవుతాయి.

కుర్చీ పూర్తిగా నిటారు చేయండి. గడ్డం కొంచెం కిందికి వంచమనండి. చిన్న చెంచాతో, ఒక ముద్ద దిగాకే ఇంకో ముద్ద పెట్టండి. తిన్నాక అరగంట దాకా వాల్చకండి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నా తల భాగం ఎత్తుగానే ఉండాలి, ఆ తర్వాత కూడా అరగంటకు తక్కువ కాకుండా అలాగే ఉంచాలి. తింటూ గొంతు గరగరమంటున్నా, మాట తడిగా వినిపిస్తున్నా ఆపి డాక్టరుకు చెప్పండి.

తిండి కాకుండా ఇంకో మాట. మూత్రం గొట్టం ఉంటే దాని సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. కాళ్ళ పలక మీద సంచి పెట్టి పలక లేపితే మూత్రం వెనక్కి పోతుంది. వాల్చే ముందు గొట్టం ఎక్కడా నలగలేదని చూడండి.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఉన్న ఇంట్లో

ఉద్దానం వైపు వాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను తాకిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక విశాఖ కేజీహెచ్ దాకా పోవలసిన ప్రయాణం కొంతమందికైనా తగ్గింది. కానీ డయాలసిస్ అయ్యాక ఇంటి దగ్గర జాగ్రత్త మన చేతిలోనే ఉంది.

ఒక్కో డయాలసిస్ దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఒంట్లోంచి నీరు తీసేస్తారు కాబట్టి అయ్యాక రక్తపోటు పడిపోవచ్చు. అందుకే,

1. ఆ రోజు కుర్చీలోంచి లేపేటప్పుడు మామూలు కన్నా రెట్టింపు సమయం తీసుకోండి.

2. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేతిని పట్టుకుని లేపకండి. ఆ చేతికి గట్టి గాజులు, బిగుతు జాకెట్టు చెయ్యి, సంచి పట్టె ఏవీ వద్దు. కుర్చీలో ఒరిగినప్పుడు బరువు ఆ చేతి మీద పడకుండా దిండు సర్దండి.

3. ఫిస్టులా మీద వేలు పెడితే తెలిసే సన్నటి అదురు రోజూ చూడండి. అది ఆగిపోతే ఆలస్యం చేయకుండా డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయండి.

4. నీళ్ళు ఎంత తాగాలో డాక్టరు చెప్పినంతే ఇవ్వండి. నీరసంగా ఉన్నారని అదనంగా పట్టకండి.

మంచి మనసుతోనే చేసే తప్పులు

*తువ్వాలుతో కుర్చీకి కట్టేయడం.* "పడిపోతారేమోనని" కడతారు. మనిషి కిందికి జారితే ఆ కట్టు ఛాతీ మీదికో మెడ మీదికో వస్తుంది, ఊపిరి ఆడదు. లేవకుండా ఉండాలని కుర్చీ పూర్తిగా వాల్చి ఉంచడం కూడా కట్టేయడమే. మనిషి లేవాలని పదే పదే ప్రయత్నిస్తున్నాడంటే ఏదో కావాలని అర్థం. మూత్రానికా? దాహమా? నొప్పా? ఒంటరిగా ఉండలేకా? ముందు అది కనుక్కోండి.

*గాలి రింగు మీద కూర్చోబెట్టడం.* మధ్యలో బెజ్జం ఉంటే పుండుకు ఒత్తిడి తగలదనిపిస్తుంది. నిజానికి ఆ రింగు అంచు చుట్టూ రక్తం ఆడకుండా చేస్తుంది. సమతలంగా ఉండే మంచి ఫోమ్ లేదా జెల్ కుషన్ వాడండి.

*కాళ్ళ పలక మీద కాలు పెట్టి లేవనివ్వడం.* ఆ పలక మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. కుర్చీ ముందుకు తిరగబడుతుంది.

*వాల్చిన కుర్చీనే గడప దాటించడం.* ముందు నిటారు చేయండి. గడప దగ్గర కుర్చీని తిప్పి, పెద్ద చక్రాలు ముందు దాటేలా వెనక్కి లాగండి. చిన్న చక్రాల రిక్లైనర్‌ను మనిషితో సహా గడప దాటించే పని పెట్టుకోకండి.

*చేతికి ఏమీ అందకుండా వదిలి వెళ్ళడం.* కళ్ళజోడు, ఒక చిన్న గంట చేతికందే చోట, బలమున్న చేతి వైపు ఉంచండి. కింద పడ్డ కళ్ళజోడు కోసం వంగి పడినవాళ్ళు ఎందరో.

తుఫాను రోజుకు ముందే సిద్ధపడండి

మీది కరెంటుతో నడిచే రిక్లైనరా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మన ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వాలి ఉన్న కుర్చీ కరెంటు పోయి అలాగే ఆగిపోతే నిటారు చేసేదెలా? చేత్తో లేపే మీటగానీ బ్యాటరీగానీ ఉందా అని కొనేటప్పుడే అడగండి. ఇప్పటికే కొని ఉంటే ఈ వారంలోనే ప్లగ్గు తీసి ఒకసారి సాధన చేయండి. తుఫాను హెచ్చరిక రాగానే మనిషిని మంచం మీదికి మార్చండి. పునరావాస కేంద్రానికి తరలించాల్సి వస్తే బరువైన రిక్లైనర్ పనికిరాదు, మడతపెట్టే వీల్‌చైరే కావాలి. మందులు, డయాలసిస్ కాగితాలు నీళ్ళు దిగని సంచిలో కట్టి ఉంచండి. పెద్దవాళ్ళను ముందే తరలించాలని సచివాలయం సిబ్బందికి చెప్పి పెట్టండి.

వృద్ధాశ్రమంలో ఉంటే ఏం అడగాలి?

అమ్మనో నాన్ననో ఆశ్రమంలో ఉంచాల్సి వచ్చినవాళ్ళు, వెళ్ళినప్పుడు పండ్లు ఇచ్చి వచ్చేయకండి. కాసేపు కుర్చీ పక్కన కూర్చుని ఈ ఐదు ప్రశ్నలు మర్యాదగా అడగండి.

1. రోజుకు ఎన్ని గంటలు కుర్చీలో ఉంచుతున్నారు? ఎంతసేపటికోసారి కదిలిస్తున్నారు?

2. అన్నం తినిపించేటప్పుడు కుర్చీ నిటారు చేస్తున్నారా?

3. మార్చేటప్పుడు ఒకరు పట్టుకుంటున్నారా, ఇద్దరా?

4. చర్మం రోజూ ఎవరు చూస్తున్నారు?

5. రాత్రి ఎవరు ఉంటారు, పిలిస్తే వినిపిస్తుందా?

బాగా చూసుకునేవాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషంగా చెబుతారు. పెద్దవాళ్ళను నిర్లక్ష్యం చేస్తున్నారని అనిపిస్తే వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. మనిషి పడి తలకు దెబ్బ తగిలినా, కాలు కదపలేకపోయినా లేపడానికి ప్రయత్నించకుండా 108ని పిలవండి.

ఖర్చు గురించి ఒక మాట

ఖరీదైన కుర్చీ లేదని దిగులుపడకండి. సాదా వీల్‌చైర్, మంచి కుషన్, రెండు దిండ్లు, గంటకోసారి వచ్చి కదిలించే మనిషి ఉంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఆదాయం తక్కువగా ఉన్న 60 ఏళ్ళు దాటినవాళ్ళకు వీల్‌చైర్లు, వాకర్లు, ఊతకర్రలు ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడు పెడతారో సచివాలయంలో కనుక్కోండి. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన పక్షవాత రోగులకు నెలకు 15,000 రూపాయలు, డయాలసిస్ చేయించుకుంటున్న కిడ్నీ రోగులకు 10,000 రూపాయల పింఛను ఉంది. వైద్య ధ్రువపత్రం చూపించాలి. అర్హత ఉండి కూడా అడగకుండా ఊరుకోకండి, అది మీ పెద్దవాళ్ళ హక్కు.

ఈరోజే చేయాల్సిన నాలుగు పనులు

ఇదంతా ఒక్క రోజులో అలవాటు కాదు, కానక్కర్లేదు. ఈరోజు నాలుగు పనులు చాలు.

1. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకులు వేసి తోసి చూడండి.

2. మీరే అందులో కూర్చుని, ఇంకొకరిచేత వాల్పించుకోండి. ఎక్కడ భయం వేస్తుందో, ఎక్కడ ఒత్తుకుంటుందో మీ ఒంటికే తెలుస్తుంది.

3. ఫోన్‌లో గంటకోసారి మోగే అలారం పెట్టండి.

4. వరస ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి: చెప్పు, బ్రేకు వేయి, కాళ్ళు లేపు, వీపు వాల్చు; లేపేటప్పుడు సగంలో ఆగు.

నాలుగో పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ అదే ముఖ్యం. మీకు జ్వరమొచ్చి పడుకున్న రోజు పక్కింటి పిన్నో, సెలవులకొచ్చిన మనవడో మీ స్థానంలో నిలబడాలి కదా? వాళ్ళకు మీరు పక్కనే నిలబడి ఒకసారి చేసి చూపించండి, తర్వాత వాళ్ళచేత చేయించండి. ఒక ఇంట్లో ఈ పని తెలిసినవాళ్ళు ఇద్దరుంటే పెద్దవాళ్ళకు భరోసా, మీకు కాస్త విశ్రాంతి. రెండో మనిషికి నేర్పడం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.